‘ఎక్కడ’ అని అడగడంలోనూ మర్యాద

జపనీస్‌లో నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేదీ, నాకు బాగా నచ్చేదీ ఒకటే: ప్రశ్న పదాలు.

మనకు చిన్నవాళ్లనైనా పెద్దవాళ్లనైనా ‘ఎక్కడ’ ఎక్కడే. మర్యాద ‘ఉన్నావు’, ‘ఉన్నారు’ దగ్గర తేలుతుంది. జపనీస్‌లో క్రియ ఒక్కటే మారితే సరిపోదు. స్నేహితుణ్ని ‘దొకో’ అని అడిగేది, కస్టమర్ దగ్గర ‘దొచిరా’ అవుతుంది. ఎవరు అనే ‘దరే’, ‘దొనాతా’ అవుతుంది. ఎలా అనే ‘దో’, ‘ఇకాగా’ అవుతుంది.

దొచిరాకి అసలు అర్థం ‘ఏ వైపు’. చోటును సూటిగా అడక్కుండా దిక్కు అడగడం ఎంత అందంగా ఉందో! బయల్దేరేవాళ్లను మన పెద్దవాళ్లు ‘ఎక్కడికి’ అనకుండా ‘ఎందాకా’ అంటారు కదా, అలా అనిపించింది నాకు.

‘ఎందుకు’ మాత్రం నిజంగా కష్టం. స్నేహితుల మధ్య ‘నాందే’ చెల్లుతుంది. పైవాళ్లను అంతకంటే మెత్తని ‘దోష్తే’తో అడిగినా నిలదీసినట్టు వినిపించొచ్చు. అందుకే మా మేనేజర్‌ని ఎందుకు అని అడగను, కారణం చెప్పగలరా అని అడుగుతాను. ఆయన పని ఆపి, ఓపిగ్గా మొత్తం వివరిస్తారు.