అతుకుల మెషీను ఏ ఊరిది?

మర తిప్పుతుంటేనే తేడా తెలిసింది. పావు అంగుళం మర ఒక్క చుట్టుకు ఎంత లోపలికి దిగాలో నా వేళ్ళకు ఇప్పుడు బాగా అలవాటు. ఇది అంత దిగడం లేదు. బయటికి తీసి గేజి పెట్టి చూశాను. ఆరు ఎమ్మెమ్ మర, చుట్టుకు ఒక మిల్లీమీటరు. హైదరాబాదు బాలానగర్‌లో పదహారేళ్ళు పొద్దున లేస్తే చూసింది అదే. 1931లో షికాగోలో తయారైందని చెబుతున్న మెషీనులో అది ఉండకూడదు. అప్పటి అమెరికా ఫ్యాక్టరీలన్నిటిదీ అంగుళాల లెక్క. పావు అంగుళం మరకు అంగుళానికి 20 చుట్లు.

నేను షికాగో పడమటి శివార్లలో పాత స్లాట్ మెషీన్లు, అంటే నాణెం వేసి పిడి లాగి ఆడే జూదం మెషీన్లు, బాగుచేసే ఒక చిన్న షాపులో పనిచేస్తాను. అక్క వేసిన పిటిషను పన్నెండేళ్ళ పైన నానితే, నలభై మూడో ఏట ఇద్దరు పిల్లల్ని తీసుకుని ఈ దేశం వచ్చాం. మొదటి రెండేళ్ళు గ్యాస్ స్టేషన్లో రాత్రి డ్యూటీ. ఒక రోజు ఒక పెద్దాయన కౌంటరు మీద విరిగిన ఇత్తడి పళ్ళచక్రం పెట్టి, చిల్లర కోసం జేబులు తడుముకుంటున్నాడు. ఊరుకోలేక, దీన్ని అతకొద్దు, కొత్తది కోయించండి, పళ్ళు అరిగిపోయాయి అన్నాను. మర్నాడు మళ్ళీ వచ్చి, షాపు చూద్దువుగాని రా అని పిలిచాడు. ఆ పిలుపుతో దొరికిన ఉద్యోగమే ఇది.

అరోరా బాలాజీ గుడిలో ప్రసాదం తింటూ పక్కనవాళ్ళు ఏ కంపెనీ అండీ అంటారు. జూదం మెషీన్లు అని చెప్తే ఒక్క క్షణం మాట ఆగిపోతుంది. అమ్మ కూడా ఫోన్లో "వాటితో కొంపలు కూలిపోయినయ్ గద నాయనా" అంది. నిజమే, కూలాయి. నేను కాదనను. కానీ మా షాపుకు వచ్చేవాటితో ఎవరూ ఆడి చెడిపోరు. పాతికేళ్ళు దాటిన మెషీను ఇంట్లో పెట్టుకోవడానికి ఇల్లినాయ్ చట్టం ఒప్పుకుంటుంది. అవి ఇక్కడి వాళ్ళకు తాతల కాలపు గోడ గడియారాల్లాంటివి.

ఈ మూడు చక్రాల మెషీనుకు రూపం ఇచ్చింది ఛార్లెస్ ఫే. జర్మనీలోని బవేరియాలో పుట్టి, శాన్‌ఫ్రాన్సిస్కోకు వలస వచ్చిన మెకానిక్కు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆయన చేసిన లిబర్టీ బెల్ మీద గుర్రపు నాడా, ఇస్పేటు, డైమను, ఆఠీను, గంట బొమ్మలుండేవి. 1906 భూకంపంలో ఆయన ఫ్యాక్టరీ పోయింది. ఆ తర్వాత ఈ వ్యాపారమంతా షికాగో చేతికి వచ్చింది. ఫుల్లర్టన్ అవెన్యూలో 4100 నంబరు మిల్స్ నావెల్టీ కంపెనీ, లేక్ స్ట్రీటులో జెన్నింగ్స్, ఫుల్టన్ స్ట్రీటులో వాట్లింగ్. అన్నీ మూడు నాలుగు మైళ్ళ లోపే. నేను రోజూ విప్పే సామానంతా నేనిప్పుడు ఉంటున్న ఊళ్ళోనే పోతపోసింది. పనిలో చేరిన కొత్తలో ఒక ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని ఆ మూడు వీధులూ తిరిగి వచ్చాను. కారులోంచి ఏం చూపిస్తున్నానో వాళ్ళకు అర్థం కాలేదు. నాకు మాత్రం ఈ ఊరు అప్పటినుంచే కొంచెం సొంతమనిపించడం మొదలైంది.

మెషీను లోపల అంతా స్ప్రింగులు, మీటలు. కరెంటు లేదు. పిడి లాగితే మూడు చక్రాలు తిరుగుతాయి. పక్కనే గడియారం అని పిలిచే చిన్న పళ్ళచక్రాల పెట్టె గాలిరెక్కతో నెమ్మదిగా విప్పుకుంటూ, ఒక్కో చక్రాన్ని వరసగా ఆపుతుంది. చక్రం మీది కాగితపు పట్టీకి 20 బొమ్మలు. మూడు చక్రాలకు కలిపి 8000 రకాలుగా పడొచ్చు. చక్రం పక్కన ఇనప బిళ్ళకు చిల్లులుంటాయి. బొమ్మలు కలిసినప్పుడు వేళ్ళలాంటి మీటలు ఆ చిల్లుల్లోకి దిగుతాయి. ఏ వేలు దిగితే ఆ స్లయిడు కదిలి, గొట్టంలోంచి అన్ని నాణేలు కింద పడతాయి. అంటే డబ్బిచ్చేది బొమ్మ కాదు, బిళ్ళలోని చిల్లు. ఈ సంగతి తర్వాత పనికొస్తుంది.

మొదట చెప్పిన మెషీను వార్ ఈగిల్. ముందు భాగాన రెక్కలు విప్పిన గద్ద, మిల్స్ వాళ్ళు 1931లో తెచ్చిన మోడలు. కొన్నాయన పెద్ద మొత్తమే పెట్టాడు. అమ్మినవాళ్ళు ప్రతి ముక్కా అసలుదేనని చెప్పారట. కాగితపు పట్టీల మీద యూవీ టార్చి వేస్తే నీలంగా మెరిశాయి. 1950 ప్రాంతం దాకా కాగితంలో అలా మెరిసే తెలుపు మందు కలిపేవారు కాదు, కాబట్టి అవి కొత్త పట్టీలు. అది పెద్ద తప్పు కాదు, పట్టీలు అందరూ మారుస్తారు. లోపల కొన్ని చోట్ల ప్లస్సు గాటు మరలున్నాయి. ఆ రకం మర వాడుకలోకి వచ్చింది 1930ల నడుమ. అదీ సర్దుకోవచ్చు, ఎవరో రిపేరు చేసి ఉంటారు. కానీ గద్ద ఉన్న ముందుముఖానికి పోతలోనే ఆరు ఎమ్మెమ్ మర కోసి ఉంది.

అక్కడ నాకు మా మేస్త్రి గుర్తొచ్చాడు. బాలానగర్ ఫౌండ్రీలో చేరిన మొదటి నెల, నేను డ్రాయింగులో ఉన్న కొలతకే చెక్క ప్యాటర్ను, అంటే ఇసుకలో అచ్చు తీసే నమూనా, చేసి పెట్టాను. ఆయన తిట్టలేదు. తన సంచిలోంచి ఒక స్టీలు స్కేలు తీసి నా మామూలు స్కేలు పక్కన పెట్టాడు. రెండూ ఒక చోట మొదలయ్యాయి గానీ, చివర కలవలేదు.

"అల్యూమినియం చల్లారుతుంటే గుంజుకుంటది బిడ్డా. మనకెంత గావాల్నో గంతే చేస్తే సామాను చిన్నగైతది. అందుకే మన స్కేలు మీద వెయ్యి అంటే వెయ్యీ పదమూడు."

అసలు ప్యాటర్ను చేసినవాడు ఈ గుంజుడు లెక్కేసి పెద్దదిగా చేస్తాడు. దొంగ సామాను చేసేవాడి దగ్గర ప్యాటర్ను ఉండదు. పాత ముఖాన్నే ఇసుకలో అదిమి అచ్చు తీస్తాడు. పోసిన లోహం మళ్ళీ గుంజుకుంటుంది. నకలు అసలు కంటే నూటికి ఒకటింపావు పైన తగ్గుతుంది. ఆ నకలుకు నకలు తీస్తే అంతకంత.

మా షాపులో అనుమానం లేని వార్ ఈగిల్ ముఖం ఒకటి గోడకు తగిలించి ఉంది. దించి పక్కన పడుకోబెట్టి, 400 మిల్లీమీటర్లు కొలిచాను. కొన్నాయన తెచ్చిన ముఖం మాత్రం అదే చోటికి 395 దగ్గరే అయిపోయింది. గద్ద రెక్క చివరి ఈకలు కూడా చూశాను. అసలుదానికి ఈక అంచు వేలికి గీసుకునేలా ఉంటుంది, దీనికి సబ్బుబిళ్ళలా మెత్తబడింది. వెనక్కి తిప్పితే సన్నటి గుంటలు, పోత పోసేటప్పుడు గాలి చిక్కుకున్న ఆనవాళ్ళు. మా పెద్దాయనకు ఈకలు, గుంటలు తెలుసు. నలభై ఏళ్ళుగా వాటితోనే చెబుతున్నాడు. గుంజుడు లెక్క మాత్రం నేను చెప్పేదాకా ఆయన ఎప్పుడూ వాడలేదు. ఆ సాయంత్రం గోడ మీది ముఖాలన్నీ దించి, ఒక్కొక్కటి కొలిపించి నోటుబుక్కులో రాసుకున్నాడు. అందులో రెండు నకళ్ళు తేలాయి. ఆయన వాటిని అసలువనుకునే కొన్నాడు. వాటి వెనక మార్కరుతో పెద్దగా కాపీ అని రాసి మళ్ళీ తగిలించాడు. అప్పటినుంచి ఆయనంటే నాకు గౌరవం ఇంకా పెరిగింది.

కొన్నాయనకు చెప్పడం నా వంతు. లోపలి యంత్రం నిజమైన మిల్స్, చెక్కపెట్టె కూడా పాతదే, ముఖం మాత్రం ఎక్కడో ఈమధ్య కాలంలో పోసింది అన్నాను. ఆయన చాలాసేపు స్టూలు మీదే కూర్చున్నాడు. అతుకుల బొంతను పట్టుచీరని అమ్మితే కొన్నవాడి కడుపు మండుతుంది. బొంత తప్పు మాత్రం కాదు.

నాకు అతుకులంటే చిన్నచూపు లేదు. అసలు ఈ మెషీన్లకు అతుకులు లేకుండా ఉండే అవకాశమే తక్కువ. బార్లలో వందల మెషీన్లు నడిపిన ఆపరేటర్లు పాతదైపోయిన ముఖం పీకి కొత్తది బిగించేవాళ్ళు, లోపలి యంత్రం అదే. పోలీసులు పట్టుకున్నవి ముక్కలయ్యేవి. న్యూయార్క్ మేయరు లాగార్డియా 1934లో స్వయంగా సుత్తి పట్టి పగలగొట్టి సముద్రంలో పారేయించాడు. 1951లో జాన్సన్ చట్టం వచ్చి, జూదానికి అనుమతి లేని రాష్ట్రాలకు వీటిని రవాణా చేయడం ఆపింది. మిగిలినవి గోదాముల్లో, నేలమాళిగల్లో తుప్పు పట్టాయి. తర్వాత దొరికినవాళ్ళు రెండు చచ్చినవాటితో ఒక బతికినదాన్ని చేశారు.

ఆ చట్టం దెబ్బకే కొంత వ్యాపారం సముద్రం దాటింది. జపాన్‌లోని అమెరికా సైనిక స్థావరాలకు మెషీన్లు అందించిన సర్వీస్ గేమ్స్ వాళ్ళు మిల్స్ యంత్రాన్ని చూసి తమ సొంతవి తయారుచేశారు. ఆ రెండు మాటల మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలతో వచ్చిన పేరే సేగా. ఒకసారి మా దగ్గర ఒక మెషీను లోపల ఆ పేరు కనబడితే ఫొటో తీసి మా వాడికి చూపించాను. వీడియో గేముల సేగానా అని కళ్ళు పెద్దవి చేశాడు. నా పని మీద వాడికి ఆసక్తి కలిగింది ఆ రోజే.

పోయిన చలికాలంలో అరవై దాటిన ఒకావిడ విస్కాన్సిన్ నుంచి పికప్ వెనకాల దుప్పట్లో చుట్టి ఒక మిల్స్ తెచ్చింది. వాళ్ళ తాతగారి బారులో ఉండేదట. ఇంతకుముందు చూపించిన చోట, ఇది నాలుగు మెషీన్ల చెత్త, విడిభాగాల కింద అమ్ముకోండి అన్నారట. ఆ మాట చెబుతుంటే ఆవిడ గొంతు సన్నబడింది.

ఆ పని నేను నాలుగు రోజులు పెట్టుకున్నాను. చెక్క మీద కొట్టిన నంబరు, ముఖం మీద నంబరు వేరు. రెండూ మిల్స్‌వే, రెండూ నిజమైనవే, కొలతలు కూడా సరిగ్గా ఉన్నాయి. గడియారం కింద విరిగిన కాలుకు ఎవరో ఇత్తడి ముక్క కోసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, నాలుగు రివెట్లు కొట్టారు. చాలా శ్రద్ధగా చేసిన పని. దాని మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసి చూశాను, ఎక్కడా గరుకు తగల్లేదు. ఇది చేసినవాడికి తొందర లేదు. కాగితపు పట్టీలు యూవీ వెలుగులో మెరవలేదు, పాతవే. మూడో చక్రం బిళ్ళ మాత్రం పట్టీతో కుదరడం లేదు. మూడు ప్లమ్ము పండు బొమ్మలు వరసగా నిలబెట్టి చూస్తే, మొదటి రెండు బిళ్ళల్లో వేళ్ళు దిగుతున్నాయి, మూడోదాంట్లో ఆ చోట చిల్లు లేదు. వేరే మోడలు బిళ్ళ అది. మూడు ప్లమ్ములు పడినా ఈ మెషీను పైసా ఇవ్వదు.

ఆ మాట చెప్పగానే ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ప్లమ్ములు! ప్లమ్ములు పడితే తాతయ్యను పిలవాలి. ఆయన గల్లాపెట్టెలోంచి తీసి ఇచ్చేవాడు. చిన్నప్పుడు అది ఆటలో రూలే అనుకున్నాను."

అంటే బిళ్ళ మారింది ఆయన కాలంలోనే. తర్వాత ఎవరో అమ్ముకోవడానికి కలిపింది కాదు. పాడైతే దొరికిన బిళ్ళ వేసుకుని, తేడా జేబులోంచి కట్టుకుంటూ నడిపాడు. నేను ఇంకేమీ అనలేకపోయాను.

అడుగున స్లయిడ్ల వెనక ఇరుక్కున్న ఒక నికెలు కూడా దొరికింది. అయిదు సెంట్ల నాణెం, 1943ది. వెనకవైపు భవనం బొమ్మలో గోపురం పైన టంకశాల గుర్తుగా పెద్ద పి అక్షరం. యుద్ధంలో నికెల్ లోహం మిగల్చడానికి వెండి కలిపి కొట్టిన రకం. దాని మీద ఒక పక్క ఎర్రరంగు పూసి ఉంది. బార్లవాళ్ళు మెషీనును తామే ఆడించడానికి వేసే నాణేలకు అలా గోళ్ళరంగు పూసుకునేవాళ్ళు, వసూలుకు వచ్చిన ఆపరేటరు లెక్కలోంచి అవి విడిగా తీసి తిరిగి ఇచ్చేవాడు. ఈ ఒక్కటి తిరిగి వెళ్ళలేదు.

ప్రతి మెషీనుకూ నేను ఒక అట్టచీటీ రాసి తలుపు లోపల అంటిస్తాను. ఏ ముక్క ఎక్కడిది, ఎప్పటిది, నేనేం మార్చాను. ఆవిడ చీటీలో చెక్కపెట్టె, ముఖం, గడియారం కాలు, మూడో బిళ్ళ అన్నీ విడివిడిగా రాశాను. సరైన బిళ్ళ మా దగ్గర ఉంది, వేయమంటారా అని అడిగాను. వద్దంది. నికెలు చేతికిచ్చాను. ఎర్రరంగు మీద వేలు తగలకుండా అంచులు పట్టుకుని కాసేపు చూసి, దాన్ని ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టమంది. పెట్టి, చీటీలో కింద ఇంకో వరస రాశాను: నాణెం, 1943, తాతగారిది.