సాలిడ్ మోడల్‌ను షీట్ మెటల్‌గా మార్చేటప్పుడు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో తోతాపురి కాయ రావడానికి ముందు యంత్రాల మరమ్మతులు ఊపందుకుంటాయి. ఆ సమయంలో తిరుపతిలో డిజైన్ పని చేసే నా వంటివారికి వచ్చే ఫైళ్లు చాలావరకు స్టెప్ ఫార్మాట్‌లోని (వేర్వేరు డిజైన్ సాఫ్ట్‌వేర్లు తెరవగలిగే ఫైళ్లు) సాలిడ్ మోడళ్లే, అంటే నిండు దిమ్మలా గీసిన త్రీడీ ఆకారాలే. గీసినవారు ఆకారాన్ని చూశారు కానీ, దాన్ని రేకుతో ఎలా చేస్తారన్నది ఆలోచించలేదు. ఈసారి వచ్చింది కన్వేయర్ చైన్ మీద మూతలా కూర్చునే కవర్. దాని పొడవు 600, వెడల్పు 250, ఎత్తు 150 మి.మీ.; అడుగు భాగం తెరిచి ఉంటుంది; 2 మి.మీ. మందం గల 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ రేకుతో చేయాలి.

సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అటువంటి దిమ్మను వంచదగిన రేకుగా మార్చే కన్వర్ట్ టు షీట్ మెటల్ అనే ఆదేశం ఉంది. కదలకుండా ఉండవలసిన ముఖాన్ని ఎంచుకుని, రేకు మందం, బెండ్ రేడియస్ (మడత లోపలి వంపు వ్యాసార్థం) ఇచ్చి, ఏయే అంచుల దగ్గర రేకు వంగాలో చూపిస్తే, చీలవలసిన అంచులను అదే వెతికి పెడుతుంది. పై ముఖాన్ని స్థిరంగా ఉంచి దాని నాలుగు అంచులనూ మడతలుగా చూపితే, నిలువుగా ఉన్న నాలుగు మూలలూ చీలికలవుతాయి. మోడల్‌ను ముందుగా షెల్ చేయనక్కరలేదు, అంటే లోపల డొల్ల చేయనక్కరలేదు. అయితే మందం లోపలికి వస్తుందా, బయటికి పోతుందా అన్నది మాత్రం తప్పక చూసుకోవాలి, ఎందుకంటే ఆ ఒక్క గుర్తు తారుమారైతే వెలుపలి కొలత 4 మి.మీ. పెరుగుతుంది. ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్ అయిన ఫ్రీక్యాడ్ వాడేవారు షీట్‌మెటల్ వర్క్‌బెంచ్‌ను అదనంగా వేసుకుంటే ఇదే పని చీలికకు ఒకటి, మడతకు ఒకటి చొప్పున వేర్వేరు ఆదేశాలతో జరుగుతుంది.

మార్పిడి మొరాయించిందంటే తప్పు సాధారణంగా మోడల్‌లోనే ఉంటుంది. అందం కోసం అన్ని అంచులకూ ఫిల్లెట్ వేసి గుండ్రం చేసినప్పుడు మూడు అంచులు కలిసే మూల గోళాకారంగా తయారవుతుంది. గోళపు ముక్కను సాగదీయకుండా చదును చేయడం ఏ సాఫ్ట్‌వేర్‌కూ సాధ్యం కాదు. అటువంటి ఫిల్లెట్లను మొదటే తీసివేయాలి.

కె-ఫ్యాక్టర్ (వంచినప్పుడు సాగని, కుదించుకుపోని పొర రేకు మందంలో లోపలి వైపు నుంచి ఎన్నో వంతు దగ్గర ఉందో చెప్పే అంకె) గురించి జరిగినంత చర్చ రేడియస్ గురించి జరగదు. నా దృష్టిలో అది తలకిందుల వ్యవహారం. ఈ కవర్ వెడల్పు వైపు చదును కొలతనే, అంటే విప్పి పరిచిన రేకు కొలతనే తీసుకుందాం. మడతలు లేకుండా కూడితే 250, 150, 150 కలిపి 550 మి.మీ. కె-ఫ్యాక్టర్ 0.5గా ఉంచి రేడియస్ 1 మి.మీ. ఇస్తే రెండు మడతల తగ్గింపు పోగా 544.28 వస్తుంది, రేడియస్ 3 ఇస్తే 542.57 వస్తుంది. ఆ 3 మి.మీ. రేడియస్‌తోనే కె-ఫ్యాక్టర్‌ను 0.42కు దించితే 542.06 అవుతుంది. అంటే కె-ఫ్యాక్టర్ వల్ల తేడా అర మిల్లీమీటరు, రేడియస్ వల్ల 1.7 మి.మీ. పైగా ఎయిర్ బెండింగ్‌లో, అంటే పైనుంచి దిగే పంచ్ రేకును డై అడుగుకు ఆనించకుండా వంచేటప్పుడు, రేడియస్‌ను నిర్ణయించేది మనం టైపు చేసిన అంకె కాదు, రేకును వంచే ప్రెస్ బ్రేక్ యంత్రం కింద ఉన్న వి-డై (వి ఆకారపు గాడి ఉన్న దిమ్మ) వెడల్పు. 2 మి.మీ. రేకుకు సాధారణంగా వాడే 16 మి.మీ. డై మీద స్టెయిన్‌లెస్ స్టీల్ లోపలి రేడియస్ సుమారు 3 మి.మీ. వస్తుంది, మైల్డ్ స్టీల్ అయితే ఇంకొంచెం తగ్గుతుంది.

కాబట్టి రేణిగుంట దగ్గరి గాజులమండ్యంలో పని చేయించేటప్పుడు నేను ముందుగా అడిగేది ఏ డై వేస్తారని. వీలైతే అదే రేకులో 100 మి.మీ. పొడవైన పట్టీని కోయించి, 90 డిగ్రీలకు వంచి, రెండు కాళ్లనూ వెలుపలి వైపు వెర్నియర్‌తో కొలిపిస్తాను. రెండింటి మొత్తం 103.97 వస్తే మడతకు తగ్గించవలసింది 3.97 మి.మీ. అన్నమాట, దానిని బెండ్ డిడక్షన్‌గా నేరుగా ఇచ్చేస్తే కె-ఫ్యాక్టర్ ప్రసక్తే ఉండదు.

మూలలను ఒకదానిపై ఒకటి ఎక్కేలా కాక, అంచుకు అంచు ఆనేలా పెట్టాను. ఎక్కిన చోట గుజ్జు చేరి పులుస్తుంది, కడిగినా పోదు. అంచులు ఆనితే ఆర్గాన్ వెల్డింగ్ చేసి రుద్ది నునుపు చేయవచ్చు. ఇక అడుగున బోల్టుల కోసం లోపలికి 20 మి.మీ. మడత కావాలని ఫ్యాక్టరీవారు అడిగారు. తెర మీద అది చక్కగా విప్పుకుంది. బెండింగ్ చేసే ఆయన డ్రాయింగ్‌ను చేతిలోకి తీసుకుని, “అన్నా, ఈ చిన్న మడత ముందు కొడితే, పక్క గోడలు లేపేటప్పుడు అది పోయి పంచ్‌కు తగులుతుంది. గూస్‌నెక్ పంచ్ ఉంటే రెండు వైపులా సరిపోతుంది, కడమ రెండు వైపులా విడిగా పట్టీ పెట్టి వెల్డ్ చేసుకోవాల్సిందే” అన్నారు. గూస్‌నెక్ అంటే మడతకు చోటిచ్చేలా మెడ వంకరగా ఉన్న పంచ్. విప్పినప్పుడు ముక్కలు ఒకదానిపై ఒకటి పడకపోతే చాలు, సాఫ్ట్‌వేర్ తృప్తి పడుతుంది. వంచే క్రమంలో ఏది దేనికి అడ్డొస్తుందో అది లెక్కించదు. పొట్టి వైపుల మడతలను మోడల్ నుంచి తీసివేసి, రెండు పట్టీలను వేరు భాగాలుగా గీశాను.

లేజర్ కటింగ్‌కు పంపే డీఎక్స్ఎఫ్ ఫైలులో (చదును రేకు గీతలు ఉండే ఫైలు) మడత గీతలను వేరే లేయర్‌లో ఉంచాలి, లేకపోతే యంత్రం వాటినీ కోసేస్తుంది. రక్షణ ఫిల్మ్ అంటించిన వైపు పైకి ఉన్నప్పుడు ప్రతి మడతా పైకా, కిందికా అన్నది కూడా డ్రాయింగ్ మీద రాసి పంపుతాను.