కింది పోర్షన్ అద్దెకిచ్చాం

కెనడా రాకముందు హైదరాబాద్‌లో ఎనిమిదేళ్ళు అద్దె ఇళ్ళలోనే కాపురం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నప్పుడు ఓనరు అంకుల్ పొద్దున్నే మెట్ల మీద చెప్పుల జతలు లెక్కపెట్టేవారు. రెండు జతలు ఎక్కువ కనబడితే, "చుట్టాలా? ఎన్నాళ్ళుంటారు?" అని అడిగేవారు. మంచినీళ్ళ మోటరు ఆయన చేతిలో, రాత్రి పదింటికి గేటు తాళం ఆయన చేతిలో. ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సులో ఒక నెల అద్దె పెయింటింగ్ కింద కోసుకున్నారు. మేం ఆ గోడలకి ఒక్క మేకైనా కొట్టలేదు. కొడితే ఊరుకోరని భయం.

అలాంటిది, నేనే ఓనరునయ్యాను. అల్బర్టా రాష్ట్రంలోని కాల్గరీలో 2020లో ఇల్లు కొన్నాం. అప్పుడు బ్యాంక్ ఆఫ్ కెనడా (మన రిజర్వ్ బ్యాంకు లాంటిది) వడ్డీ రేటు 0.25 శాతం. 2023 జులైకి అది 5 శాతమైంది. మా ఐదేళ్ళ లోను 2025లో రెన్యూవల్‌కి, అంటే కొత్త వడ్డీకి మారడానికి, రావాల్సి ఉంది. కిస్తీ ఎంత పెరుగుతుందో మా ఆయన ఎక్సెల్‌లో వేసి చూపించిన రాత్రే బేస్‌మెంట్, అంటే నేలలోకి దిగి ఉండే కింది అంతస్తు, గుర్తొచ్చింది. పాత ఓనరు అక్కడ ఒక బెడ్‌రూమూ బాత్రూమూ కట్టించి, మూల ఒక సింకు పెట్టి వెళ్ళాడు. పక్క గుమ్మం కూడా ఉంది. స్టవ్ ఒకటి పెట్టేస్తే చాలనుకున్నాం.

స్టవ్ పెడితే చాలదని సిటీ (ఇక్కడి మునిసిపాలిటీ) వెబ్‌సైట్ చూశాక తెలిసింది. ఇలా ఇంట్లోనే విడిగా అద్దెకిచ్చే పోర్షన్ని ఇక్కడ సూట్ అంటారు. అది సిటీ దగ్గర రిజిస్టరయి ఉండాలి. రిజిస్టరైన సూట్లకి సిటీ ఒక స్టిక్కరిస్తుంది, జాబితా ఆన్‌లైన్లో పెడుతుంది, ఎవరైనా చూసుకోవచ్చు. స్టిక్కరు రావాలంటే బిల్డింగ్ పర్మిట్ తీసుకోవాలి. దాని వెనకే ఎలక్ట్రికల్, ప్లంబింగ్, గ్యాస్. ఒక్కోదానికి ఒక్కో ఇన్‌స్పెక్టరు. "అందరూ ఇవన్నీ చేయించుకునే ఇస్తున్నారా?" అని మా ఆయన గొణిగాడు. లేదు, చాలామంది చేయించుకోరు. కానీ కింద పడుకున్నవాళ్ళకి రాత్రి మంటలొస్తే బయటికి దారుండదన్న సంగతి ఒకసారి తలకెక్కాక నాకు నిద్ర పట్టలేదు.

మా ఇంట్లో పెద్ద ఖర్చు పెట్టించింది ఆ దారే. బెడ్‌రూమ్ కిటికీలోంచి మనిషి బయటపడగలగాలి. తెరిచినప్పుడు ఖాళీ కనీసం 0.35 చదరపు మీటర్లుండాలి, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. మా కిటికీ చూడ్డానికి పెద్దదే. కానీ అది పక్కకి జరిపే రకం, సగమే తెరుచుకుంటుంది. కాంట్రాక్టరు టేపు పెట్టి కొలిచి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పునాది గోడ కోసి కొత్త కిటికీ పెట్టాలన్నాడు.

గోడ కోయాలంటే బయట గొయ్యి తవ్వాలి. తవ్వేముందు భూమిలో ఏ లైన్లున్నాయో గుర్తులు పెట్టించుకోవాలి. ఫోన్ చేస్తే మనుషులొచ్చి గడ్డిలో చిన్న చిన్న జెండాలు గుచ్చిపోయారు. పసుపు గ్యాసుకి, ఎరుపు కరెంటుకి, నారింజ టెలిఫోనుకి. పసుపు జెండాల వరస మేం తవ్వాలనుకున్నచోటికి రెండడుగుల దూరంలో పోతోంది. ఆ రోజు మిషన్ పక్కన పెట్టి ఇద్దరు కుర్రాళ్ళు పారలతోనే తవ్వారు. అసలు ఈ పని జూన్‌లోనే అయిపోవాలి. కానీ 2024 జూన్ 5న ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద పైపు పగిలి, బయట నీళ్ళు వాడొద్దన్నారు. కాంక్రీటు కోసే రంపానికి నీళ్ళు కావాలి. జులై చివరికి గానీ రంపం మోగలేదు. కోసినంతసేపూ ఇల్లంతా పన్ను డ్రిల్లింగులా జివ్వుమంది. బూడిద రంగు బురద మా బంతిమొక్కల మీద పడింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఇంటికి వేడి పంపే ఫర్నేస్ ఉన్న గదికి జిప్సం బోర్డు, దానికి తనంతట తానే మూసుకునే బరువైన తలుపు. కింద వేడికి వేరే హీటర్లు. పైనా కిందా పొగ అలారాలు ఒకదానికొకటి కలిపి, ఒకటి మోగితే అన్నీ మోగేలా. ఇన్సూరెన్సువాళ్ళకి చెప్పాం, ప్రీమియం పెంచారు. చెప్పకపోతే క్లెయిము రోజున ఏమంటారో తెలుసు కాబట్టి ఏడుస్తూనే కట్టాం.

సెప్టెంబరులో స్టిక్కరొచ్చింది. తెలుగు వాట్సాప్ గ్రూపులో "తెలుగువాళ్ళకి మాత్రమే, వెజిటేరియన్లకి ప్రాధాన్యం" అని పెట్టేశాను. అమ్మ విజిటర్ వీసా మీద ఇక్కడే ఉంది. "మనవాళ్ళకైతే బెంగుండదే" అని ఆమె అన్నదే నేను టైపు చేశాను. పది నిమిషాల్లో ఒక స్నేహితురాలు విడిగా ఫోన్ చేసింది. "ముందది తీసెయ్యి. విడి వంటగది, విడి గుమ్మం ఉన్న ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఏ దేశంవాళ్ళు, ఏ జాతివాళ్ళు అని ఏరడం అల్బర్టా మానవ హక్కుల చట్టం ఒప్పుకోదు." తీసేశాను. సిగ్గేసింది కూడా. దిల్‌సుఖ్‌నగర్‌కి ముందు ఇల్లు వెతుక్కునేటప్పుడు "మీరేమిట్లు?" అని గుమ్మంలోనే అడిగిన ఇళ్ళు మూడో నాలుగో ఉన్నాయి.

చివరికి వచ్చింది ఫిలిప్పీన్స్ జంట. ఆమెకి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో రాత్రి డ్యూటీ, అతనికి గిడ్డంగిలో పగటి పని. జీతం కాగితాలు చూశాం, వాళ్ళు అంతకుముందు అద్దెకున్న ఇంటి ఓనరుతో మాట్లాడాం. నెలకి 1,300 డాలర్లు, కరెంటూ గ్యాసూ నీళ్ళ బిల్లుల్లో 35 శాతం, ఏడాది లీజు. డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు. అది కూడా మన ఖాతాలో కలుపుకోవడానికి లేదు. రెండు బ్యాంకు పనిదినాల్లో వడ్డీ వచ్చే ట్రస్టు ఖాతాలో వెయ్యాలి. బ్యాంకులో ఆ ఖాతా సంగతి అడిగితే కౌంటర్లో అమ్మాయి లోపలికెళ్ళి మేనేజరుని తీసుకొచ్చింది.

తాళాలిచ్చే ముందు గదిగదీ తిరిగి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు రాశాం. వాళ్ళు దిగే ముందు వారంలోపో, దిగాక వారంలోపో ఇది జరగాలి. ఖాళీ చేసేటప్పుడు మళ్ళీ ఇంకోటి. ఈ రెండూ లేకుండా పాడైందని డిపాజిట్లోంచి కోయడానికి వీల్లేదు. నేను ఫ్రిజ్ మీది గీత దగ్గర్నుంచి ఫొటోలు తీశాను. నన్ను చూసి ఆవిడా తీసింది, నేను చూడని టైలు పగులు ఒకటి కనిపెట్టి రాయించింది. నాకు నచ్చింది ఆవిడ.

మొదటి తప్పు నాదే. నవంబర్లో ఒక ఆదివారం ఫర్నేస్ ఫిల్టరు మార్చాలని కిందికెళ్ళి, తలుపు కొట్టి, జవాబు రాకపోతే తాళం తీసుకుని వెళ్ళాను. ఫర్నేస్ గది వాళ్ళ హాల్లోంచే. ఆవిడ నైట్ డ్యూటీ చేసొచ్చి సోఫాలో నిద్రపోతోంది. ఉలిక్కిపడి లేచి దుప్పటి మెడదాకా లాక్కుంది. ఏమీ అనలేదు. సాయంత్రం మెసేజ్ వచ్చింది. "మ్యామ్, ఈసారి నుంచి ముందు చెప్తారా?" అంతే. చట్టం ప్రకారం 24 గంటల ముందు రాతపూర్వకంగా, ఎందుకో ఎప్పుడో రాసి ఇవ్వాలి. ఉదయం 8కీ రాత్రి 8కీ మధ్యే వెళ్ళాలి. వాళ్ళు సరేననకపోతే ఆదివారం వెళ్ళకూడదు. అగ్నిప్రమాదం లాంటి అత్యవసరమైతే వేరే సంగతి. ఇవన్నీ నేను చదివినవే. అయినా తాళం చెవి నా దగ్గరుందంటే ఇల్లు నాదేనన్న లెక్క ఎక్కణ్ణుంచో వచ్చేసింది. ఆ రాత్రి చెప్పుల జతలు గుర్తొచ్చాయి.

రెండోది నవ్వొచ్చే సంగతి. సంక్రాంతి రోజు అమ్మ పులిహోరకి పోపు పెడుతూ ఎండుమిరపకాయలు మాడ్చింది. పైన అలారం మోగింది. కలిపి పెట్టించాం కదా, కిందా మోగింది. బయట మైనస్ 24. కిందావిడ నైట్‌డ్రెస్ మీదే కోటు వేసుకుని, చేతిలో పాస్‌పోర్టులు పట్టుకుని మంచులో నిలబడింది. నేను విసనకర్రలా అట్టముక్క ఊపుతూ గుమ్మంలోకొచ్చి, "మంట కాదు, వంట!" అన్నట్టు ఏదో ఇంగ్లీషులో అరిచాను. పులిహోర డబ్బా నిండా పంపించాం. డబ్బా తిరిగొచ్చేటప్పుడు అందులో నూడుల్స్ ఉన్నాయి. అమ్మ వాటిని వాసన చూసి పక్కన పెట్టి, మేం పడుకున్నాక తిన్నదని అల్లుడు చెప్పాడు.

డబ్బు సంగతి అడిగేవాళ్ళుంటారు. పెట్టింది ఒక ఏడాది అద్దెలో రాదు, రెండేళ్ళలోనూ రాదు. పన్నుకి అద్దె ఆదాయం చూపించే టీ776 ఫారం నింపాలి. ఇంటి విస్తీర్ణంలో సూట్ వాటా ఎంతో లెక్కగట్టి, లోను వడ్డీలో, ప్రాపర్టీ టాక్స్‌లో అంత భాగం ఖర్చు కింద చూపించుకోవచ్చు. తరుగుదల (ఇల్లు పాతబడి విలువ తగ్గిందని చూపించే ఖర్చు) మాత్రం తీసుకోవద్దని మా టాక్స్ ఆయన గట్టిగా చెప్పాడు. తీసుకుంటే ఇల్లు అమ్మేరోజున సొంతింటి లాభం మీద ఉండే పన్ను మినహాయింపుకి చిక్కొస్తుందట.

2025 సెప్టెంబరు ఆఖరున వాళ్ళు ఖాళీ చేశారు. అతనికి ఎడ్మంటన్‌లో మెరుగైన ఉద్యోగం దొరికింది. మళ్ళీ రిపోర్టు పట్టుకుని గదిగదీ తిరిగాం. స్టవ్ నేనిచ్చినదానికన్నా శుభ్రంగా ఉంది. హాల్లో ఫొటోలు తగిలించిన గోడకి మేకుల కన్నాలు. లెక్కపెట్టాను, పదకొండు. మా ఆయన నా చెవిలో, "పెయింటింగ్ కింద ఏమైనా..." అన్నాడు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి డిపాజిట్ ముట్టుకోకూడదు. పది రోజుల గడువుంది, నేను మూడోరోజే వడ్డీతో సహా మొత్తం పంపించేశాను.

కన్నాలు నేనే పుట్టీ పెట్టి పూడ్చాను. డబ్బా మీద మా గోడ రంగే రాసుంది, కానీ ఆరాక ఒక పిసరు తెల్లబడింది. దగ్గరికెళ్ళి చూస్తే పదకొండు చుక్కలూ కనిపిస్తాయి. కొత్తగా దిగినవాళ్ళ రిపోర్టులో వాటినీ రాశాం.