పక్కవాద్యం ముందుకొచ్చిన రాత్రి

కచేరీ శనివారం రాత్రే అయిపోయింది. ఇవాళ సోమవారం, పనిలో కూర్చున్నా చెవుల్లో ఆ వయొలానే మోగుతోంది, అందుకే రాసేస్తున్నా.

నేను న్యూజెర్సీలో మా ఊరి కమ్యూనిటీ ఆర్కెస్ట్రాలో సెకండ్ వయొలిన్ వాయిస్తాను, వెనక వరసలో. ఎవరికీ జీతాల్లేవు, పైగా ఏడాదికింతని మేమే చందా కడతాం. నా పక్క కుర్చీలో పళ్ల డాక్టరు, ముందు కుర్చీలో రిటైరైన లెక్కల టీచరు, చెల్లోల (వయొలిన్ జాతిలోని పెద్ద వాద్యాలు) దగ్గర ఒక నర్సు, ఆవిడైతే డ్యూటీ దిగి ఆ బట్టల్లోనే వచ్చేస్తారు. ప్రతి మంగళవారం రాత్రి ఏడున్నర నుంచి పది దాకా హైస్కూల్ బ్యాండు గదిలో రిహార్సల్. ఈసారి సీజన్ ఆఖరి కచేరీకి బయటి నుంచి ఇద్దరు సోలోయిస్టులు వచ్చారు, ఒకాయన వయొలిన్, ఒకావిడ వయొలా. వాయించింది మోజార్ట్ సిన్ఫోనియా కాన్సెర్తాంతే (ఆర్కెస్ట్రాతో పాటు సోలోయిస్టులు వాయించే రచన, ఇక్కడ ఇద్దరు), ఆయన రచనల జాబితాలో కె. 364. 1779లో సాల్జ్‌బర్గ్‌లో రాశాడు, అప్పటికతనికి 23 ఏళ్లు.

వయొలా చూడనివాళ్లకి చెప్పాలంటే, వయొలిన్ కంటే కాస్త పెద్దది, గొంతు కాస్త కింద. ఆర్కెస్ట్రాలో పాట ఎక్కువగా వయొలిన్లది, కింద ఆధారం చెల్లోలది, బాస్‌లది, ఆ రెంటి నడుమ నింపుకుంటూ పోయేది వయొలా. మన భాషలో అయితే పక్కవాద్యం అంటాను. అలాంటి వాద్యాన్ని వయొలిన్ పక్కన సమానంగా నిలబెట్టి, ఒకరికొచ్చిన పాట రెండోవాళ్లకీ ఇచ్చి, అరగంట సేపు ఇద్దరిచేతా మాట్లాడించాడు మోజార్ట్. తనకీ వయొలా వాయించడమంటే ఇష్టం.

పక్కవాద్యం అన్న మాట నాకు ఊరికే రాలేదు. చిన్నప్పుడు విజయనగరంలో నాకు వయొలిన్ నేర్పిన మేస్టారు జీవితమంతా పక్కవాద్యమే వాయించారు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పాఠం చెప్పిన ఊరు మాది. 1919లో అక్కడి మహారాజావారి సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులుగా చేరారాయన. పక్కనే కూర్చునే వయొలిన్‌ని సోలో కచేరీలతో వేదిక మధ్యకి తెచ్చిన మహానుభావుడు. నాయుడుగారి పేరెత్తితే చాలు, మేస్టారు ఒక్క క్షణం కళ్లు మూసుకునేవారు. తను మాత్రం పాడేవారి ఎడమ పక్కనే కూర్చుని నలభై ఏళ్లు వాయించారు. నేను తొందరపడినప్పుడల్లా "ముందు వినమ్మా, వాయించడం తర్వాత" అనేవారు.

సోలోయిస్టులతో మాకు దొరికింది రెండే రిహార్సళ్లు. గురువారం మొదటిది. ఓబో (సన్నాయిలా ఊదే వాద్యం) ఎప్పట్లాగే శృతికి 'ఎ' స్వరం ఇచ్చింది, అందరం శృతి చేసుకున్నాం. అప్పుడు వయొలా ఆవిడ "నాకొక బి ఫ్లాట్ ఇస్తారా" అని అడిగారు, అది 'ఎ' కంటే అర మెట్టు పైది. మావాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. విషయం ఏమిటంటే, ఈ పీస్‌కి వయొలా నాలుగు తీగలూ అర శృతి పెంచుకోమన్నాడు మోజార్ట్. పీస్ ఉన్నది ఇ ఫ్లాట్‌లో, వయొలా కాగితంలో రాసి ఉన్నది డి లో, పెంచిన తీగల మీద డి అని వేలు పెడితే ఇ ఫ్లాట్ పలుకుతుంది. బిగించిన తీగకి గొంతు విచ్చుకుంటుంది, వేలు పెట్టని తీగలు కూడా కలిసొస్తాయి, వయొలిన్ పక్కన వయొలా చిన్నబోదు. ఇప్పుడు చాలామంది మామూలు శృతిలోనే వాయించేస్తున్నారు, ఆవిడ మాత్రం అలా ఒప్పుకోలేదట. నాకదేం వింతగా అనిపించలేదు, పాడేవాళ్ల గొంతుని బట్టి శృతి పెంచుకోవడం, దించుకోవడం మన వయొలిన్ వాళ్లకి రోజూ ఉండే పనే కదా. అయినా ఆవిడ తల వాల్చి, ఒక్కో బిరడాని వెంట్రుకవాసి తిప్పుతుంటే, కిర్రుమని చిన్న చప్పుడు వచ్చినప్పుడల్లా తీగ ఎక్కడ తెగుతుందోనని ఒకటే టెన్షన్.

మొదటి భాగంలో సోలోయిస్టుల ఎత్తుగడ నాకు ప్రాణం. ఆర్కెస్ట్రా అంతా ట్రిల్స్‌తో (పక్కపక్క స్వరాలని గబగబా మార్చి వాయించడం) అంతకంతకూ ఎక్కి ఎక్కి, శిఖరం మీద నుంచి మెల్లగా దిగుతుంటే, ఇద్దరూ ఒకే ఇ ఫ్లాట్‌ని ఒక స్థాయి తేడాతో పట్టుకుని పైకి తేలతారు, ఎప్పటి నుంచో అక్కడే ఉన్నట్టు. గురువారం మేం మరీ గట్టిగా వాయించడంతో ఆ ప్రవేశమే వినపడలేదు. మూడుసార్లు ఆపి మొదలుపెట్టాం. చివరికి ఆవిడే వెనక్కి తిరిగి, కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు, "లెక్కపెట్టడం ఆపి నన్ను వినండి" అన్నారు. ఏ దేశంలో ఉన్నానో ఒక్క క్షణం మర్చిపోయాను.

శనివారం ఆ ప్రవేశం వినపడింది. కమాను తీగని తాకీ తాకనట్టు ఆనించి వాయించాం, హాలు చివర కూర్చున్న మా అబ్బాయికి కూడా వయొలా విడిగా తెలిసిందట.

మొదటి భాగం అయ్యేసరికి లైట్ల వేడికో ఏమో ఆవిడ పై తీగ కిందికి జారింది. బిగించిన తీగకి జారిపోవాలనే ఉంటుంది మరి. హాలంతా నిశ్శబ్దం. ఆవిడ బిరడా పట్టుకోగానే వయొలిన్ ఆయన, ఎవరూ అడక్కుండానే, తన వయొలిన్ మీద ఒక సన్నటి బి ఫ్లాట్ పట్టి ఉంచారు. ఆ స్వరంలోకి ఈ తీగ నెమ్మదిగా ఎక్కి కలిసిపోయింది. ప్రోగ్రాం కాగితంలో లేని ఆ కొద్ది సెకన్లు నాకు కచేరీ అంతటితో సమానం.

తర్వాతిది ఆండాంటే, అంటే నెమ్మదిగా నడిచే భాగం, సి మైనర్‌లో. మన చెవికి కీరవాణి రాగం ఛాయ తగులుతుంది. అంతకు ముందు ఏడాదే, 1778 జూలైలో, పారిస్‌లో మోజార్ట్ తల్లి చనిపోయింది, ఇంటివాళ్లలో దగ్గరున్నది అతనొక్కడే. ఆ దుఃఖమే ఇక్కడ వినిపిస్తుందంటారు చాలామంది, నేనూ అలాగే వింటాను. వయొలిన్ ఒక మాట చెబుతుంది, వయొలా ఆ మాట అందుకుని కింది గొంతులో ఓదార్చినట్టు చెబుతుంది. చివర్లో కడెన్జా దగ్గర మేమంతా ఆగిపోతాం, ఇద్దరే మిగులుతారు. మామూలుగా కడెన్జా అంటే వాయించేవాళ్ల మనోధర్మానికి వదిలే చోటు, ఇక్కడ మాత్రం ప్రతి స్వరం మోజార్టే రాసిపెట్టాడు. కమాను ఒళ్లో పెట్టుకుని విన్నాను. పక్కన డాక్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

ఆఖరి భాగం ప్రెస్టో, అంటే చాలా వేగంగా నడిచేది, దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పరుగు, హాయి, హార్న్ స్వరం ఒకచోట చీలింది, ఎవరూ పట్టించుకోలేదు.

ఇంటర్వెల్‌లో తెర వెనక ఆవిడ తీగలు మళ్లీ మామూలు శృతికి దించుకుంటూ కనిపించారు. రెండో సగం చెక్ స్వరకర్త ద్వోర్జాక్ ఎనిమిదో సింఫనీ. ఆయన కూడా కుర్రతనంలో ప్రాగ్ థియేటర్ ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి వయొలా వాయించినవాడే. మేం కూర్చుని కాగితాలు సర్దుకుంటుంటే ఆవిడ లోపలికొచ్చి, వయొలాల్లో ఆఖరి స్టాండ్ (ఇద్దరికి కలిపి కాగితాలు పెట్టుకునేది) దగ్గర ఖాళీగా ఉన్న లోపలి కుర్చీలో కూర్చున్నారు. ఆ స్టాండ్ దగ్గర ఉండేది హైస్కూల్లో చదివే అమ్మాయి. లోపలి కుర్చీలో కూర్చున్నవాళ్లే పేజీ తిప్పాలి. సింఫనీ అంతా ఆ అమ్మాయికి ఆవిడే పేజీలు తిప్పారు.