ఇక్కడ పొద్దున ఏడు, అక్కడ రాత్రి తొమ్మిదిన్నర

అక్టోబరు 12, ఆదివారం. విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ.

పాల ప్యాకెట్లు వచ్చాయి, పేపరు వచ్చింది. కింది వాటాలో టీవీ పెట్టారు. చర్చ మొదలైనట్టుంది, అరుపులు మేడ మీదికి వినిపిస్తున్నాయి. టైము ఏడు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకు ఇంకా శనివారం రాత్రి తొమ్మిదిన్నరే. పిల్లల్ని పడుకోబెట్టి, వంటిల్లు సర్దుకుని, ఫోను చేతిలోకి తీసుకునే వేళ. పొద్దుటి చర్చలు, ఈ-పేపర్లు, గ్రూపుల్లో పెద్దవాళ్ల ఫార్వర్డులు సరిగ్గా అప్పుడే వచ్చిపడతాయి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగితే అది ఎనిమిదిన్నర అవుతుంది, అంటే అన్నాల దగ్గరికి వచ్చేస్తుంది. దుబాయ్‌లో ఈ వేళకి తెల్లవారుజాము ఐదున్నర, మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. బయటి దేశాల్లో ఉండి ఊరి వార్తలు తగ్గించుకోవాలనుకునేవాళ్లు ముందు ఈ వేళను మార్చుకోవాలి. ఇంటికి ఫోను చేయడానికి అమెరికా తూర్పు వైపు వాళ్లకైతే ఆదివారం పొద్దున తొమ్మిది బాగా కుదురుతుంది. ఇక్కడ సాయంత్రం ఆరున్నర, ఇంట్లోవాళ్లు తీరిగ్గా ఉంటారు.

పేపరు చదవడం ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఈనాడు మొదటి సంచిక వెలువడింది ఈ ఊళ్లోనే, 1974 ఆగస్టు 10న. పేపరుకి ఆఖరి పేజీ ఉంటుంది, తిప్పేశాక మడిచి పక్కన పెట్టొచ్చు. ఫోనులో ఆ పేజీ రాదు. వారానికోసారి విశాఖ పేజీలు మాత్రం చూసుకుంటే మంచినీళ్ల సరఫరా ఎక్కడ ఆగింది, ఏ రోడ్డు తవ్వారు, ఏ ఫీడరుకి కరెంటు తీస్తున్నారు అన్నవి తెలుస్తాయి. ఇంట్లో ముసలివాళ్లుంటే అక్కరకొచ్చేవి అవే.

పెద్ద విషయాలు తప్పిపోతాయేమోనని భయం ఉంటుంది. స్టీల్ ప్లాంటునే తీసుకుందాం. పెట్టుబడుల ఉపసంహరణకి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నది 2021 జనవరి 27న. ప్లాంటుని నిలబెట్టడానికి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీకి ఆమోదం తెలిపింది 2025 జనవరిలో. ఆ రెండింటికీ మధ్య నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లూ గేటు దగ్గర కార్మికులు పడ్డ కష్టం చిన్నది కాదు. కానీ తెర మీద "సంచలనం" అని ఎర్రక్షరాలు పడిన రాత్రుల్లో చాలావాటికి మర్నాడు ఏ కాగితమూ కదల్లేదు. విశాఖ కేంద్రంగా ఇస్తామన్న రైల్వే జోనూ అంతే. ప్రకటన 2019 ఫిబ్రవరిలో, జోన్ కార్యాలయానికి శంకుస్థాపన 2025 జనవరి 8న. నెలకోసారి చదివినవాడికి వీటిలో ఏదీ తప్పిపోదు. ఇక్కడ కాలనీలో మాటలు వింటే ఇంకా తెలుస్తుంది. "మూసేస్తున్నారటగా నాన్నా" అని అక్కణ్ణుంచి కంగారుగా ఫోను వస్తే, "మూసేయడం ఏట్రా, షిఫ్టు బస్సు ఇప్పుడే వెళ్లింది" అని ఇక్కణ్ణుంచి జవాబు.

ఫోను సర్దుకోవడానికి ముప్పావుగంట పడుతుంది. న్యూస్ యాప్ తీసేసినా చప్పుడు ఆగట్లేదని చాలామంది అంటారు. అది క్రోమ్ పని. ఎప్పుడో ఏదో న్యూస్ సైట్లో "అనుమతించు" నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగుల్లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్లు తెరిస్తే ఆ సైట్ల పేర్లు వరసగా కనిపిస్తాయి, ఒక్కొక్కటీ ఆపేయాలి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో హోమ్ స్క్రీన్‌ని కుడివైపుకి తోస్తే వచ్చే వార్తల వరస వేరు. దాన్ని హోమ్ స్క్రీన్ సెట్టింగుల్లోనే ఆపాలి. యూట్యూబ్‌లో ఒక్కో చానల్‌కీ "సిఫారసు చేయొద్దు" అని చెప్పుకుంటూ పోతే ఓపిక అయిపోతుంది, ఎందుకంటే అదే చర్చ ముక్కలై మరో పది చానళ్ల నుంచి వస్తుంది. చూసిన చరిత్ర మొత్తం తుడిచేసి, నమోదు ఆపేస్తే మొదటి పేజీలో వీడియోలే రావు. కావలసింది వెతుక్కుని చూడాలి, అంతే.

వాట్సాప్ దగ్గర జాగ్రత్త. ఫ్యామిలీ గ్రూపులోంచి బయటికొస్తే పెద్దవాళ్ల మనసు నొచ్చుకుంటుంది, ఆ పని వద్దు. ఎప్పటికీ మ్యూట్ అని పెట్టి, అవసరమైన కబురైతే పేరు ట్యాగ్ చేయమని ముందే చెప్పాలి. క్లాస్‌మేట్ల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు ఆర్కైవ్‌లోకి. ఫొటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ అయ్యే సెట్టింగ్ తీసేయాలి. రెండు బాణాల గుర్తు ఉన్న సందేశం అప్పటికే అయిదు చేతులకి తక్కువ కాకుండా మారి వచ్చిందని అర్థం, తెరవక్కర్లేదు. వీటన్నిటితో పాటు ఇంట్లోవాళ్లు మాత్రమే ఉండే చిన్న గ్రూపు ఒకటి కొత్తగా పెట్టాలి. అందులో ఫార్వర్డులు ఉండవు, దాన్ని మ్యూట్ చేయరు.

ఇవన్నీ చేశాక రెండో వారంలో ఒక చిక్కు వస్తుంది. అమ్మానాన్నలకి మాట మొదలుపెట్టడానికి వార్తే ఆధారం. "చూశావా, ఇక్కడేటి జరిగిందో" అంటే "చూళ్లేదు" అన్న జవాబు వాళ్లకి ఊరి మీద మమకారం పోయినట్టు వినిపిస్తుంది. ముందే చెప్పాలి: టీవీ మానేశాను, మిమ్మల్ని అడిగే తెలుసుకుంటాను అని. అడిగేవి కూడా చేతికి తగిలేవిగా ఉండాలి. హార్బరు నుంచి వంజరం తెచ్చారా, చందువానా? బీపీ ఎంత చూపించింది? కుళాయి ఎన్నింటికొచ్చింది?

ఊరికి సంబంధించి వదులుకోకూడనివీ ఉన్నాయి. ఏప్రిల్ 30 లోగా ఏడాది ఇంటిపన్ను ఒకేసారి కడితే నగరపాలక సంస్థ జీవీఎంసీ ఇచ్చే 5 శాతం తగ్గింపు. మధురవాడలోనో మరోచోటో స్థలం ఉంటే ఆరు నెలలకోసారి ఈసీ, అంటే దాని మీద జరిగిన లావాదేవీలు చూపే కాగితం. ఓటు ఉంచుకోవాలనుకుంటే విదేశాల్లో ఉన్న భారతీయ ఓటర్ల నమోదుకి ఉన్న ఫారం 6ఏ, ఓటు వేయడానికి మాత్రం పాస్‌పోర్టుతో స్వయంగా రావాలి. వీటిని క్యాలెండరులో రాసుకుంటే చాలు, ఏ చానలూ గుర్తుచేయదు.

అన్నిటికన్నా ముఖ్యం తుపాను. 2014లో ఇదే తేదీన, ఆదివారమే, హుద్‌హుద్ తీరం దాటింది. గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పడిపోయాయి. ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోవడం ప్రపంచమంతా చూసింది, మన ఇంటి తలుపు నిలిచిందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే ఎర్ర మ్యాపులు మొదలవుతాయి. వాటిలో చాలా వరకు తుపాను దాకా రావు. గాలివేగం గంటకి 31 కిలోమీటర్లు చేరితే వాయుగుండం, 62 చేరితే తుపాను. వాయుగుండం అన్నప్పటి నుంచి వాతావరణ శాఖ బులెటిన్ రోజుకి రెండుసార్లు చూస్తే సరిపోతుంది. రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే దూరంగా సముద్రంలో ఏదో ఉందని. పదో నంబరంటే పెను ప్రమాదం. పదకొండంటే తుపాను హెచ్చరిక కేంద్రంతోనే సంబంధాలు తెగిపోయాయని.

అలాంటి రోజుకి మనిషి కావాలి, ఈ తీరానికి దూరంగా. విజయనగరం, శ్రీకాకుళం పనికిరావు, అదే గాలి అక్కడా వీస్తుంది. హైదరాబాద్‌లో పిన్నో బావగారో ఒకరిని అనుకోవాలి. లైన్లు రద్దీగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా ఎస్సెమ్మెస్ వెళ్లే అవకాశం ఎక్కువ కనక, ఇక్కడివాళ్లు "బాగున్నాం" అని ఆ ఒక్కరికే పెడతారు. బయటి దేశాల్లోవాళ్లు కూడా వాళ్లకే ఫోను చేస్తారు. అత్యవసరానికి వాడే 112, 1070 లాంటి పొట్టి నంబర్లు బయటి దేశాల నుంచి మన కంట్రోల్ రూముకి కలవవు. పక్కింటి ల్యాండ్‌లైను, దగ్గరి ఆసుపత్రి నంబరు +91 891తో, సున్నా లేకుండా, పూర్తిగా కాగితం మీద రాసుకోవాలి.

సాయంత్రం ఆరున్నర కావస్తోంది. కింది వాటాలో టీవీ ఇంకా నడుస్తూనే ఉంది. ఫోను మోగేలోపు ఆ హైదరాబాద్ నంబరు మారలేదు కదా అని ఒకసారి చూసుకోవాలి.