హిట్టింగ్, స్వింగింగ్: జెఫర్సన్ పార్క్‌లో ఒక మధ్యాహ్నం

శనివారం

పొద్దుటి నుంచి సియాటిల్‌లో సన్నటి తుంపర తెరపి లేకుండా పడుతూనే ఉంది. అయినా భోజనం కాగానే మావయ్య తన గోల్ఫ్ క్లబ్, అంటే బంతిని కొట్టే కర్ర, ఏడో నంబరు ఐరన్‌ను చేతపట్టుకుని బయలుదేరడానికి సిద్ధమయ్యారు. విశాఖలో పదవీ విరమణ చేశాక మొదలుపెట్టిన ఆట ఇది. ఆయన మా ఇంటికి వచ్చినప్పటి నుంచి మా శనివారాలు ఎక్కువగా బీకన్ హిల్ మీద ఉన్న జెఫర్సన్ పార్క్ గోల్ఫ్ కోర్సులోని డ్రైవింగ్ రేంజ్‌లోనే, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోటే గడుస్తున్నాయి. బంతులు కొట్టే చోట పైకప్పు ఉంటుంది కనుక అక్కడ వాన అడ్డు కాదు. 1915లో మొదలైన ఈ కోర్సు ఫ్రెడ్ కపుల్స్ చిన్ననాడు ఆడుతూ పెరిగిన చోటు. 1992లో మాస్టర్స్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ గెలిచిన ఈ ఆటగాడి స్వింగ్‌లో తొందర అన్నది ఎక్కడా కనిపించదు. క్లబ్‌ను కపుల్స్ దించుతున్నట్టు కాక, అదే దిగివస్తున్నట్టు ఉంటుంది. ఆ స్వింగ్‌ను వీడియోలలో పదే పదే చూసిన మావయ్య, తానూ అలాగే ఆడాలని పట్టుబట్టారు.

అయితే ఆయన శరీరం అందుకు సహకరించదు. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చుని చేసిన ఉద్యోగం వల్ల నడుము బిగుసుకుపోయింది. తుంటి తిరగదు, భుజాలు సగం తిరిగేసరికి ఆగిపోతాయి. ముంజేతులలో మాత్రం ఆ వయసుకు అరుదైన బలం ఉంది. ఈ రోజు మొదటి బుట్ట బంతులు అయిపోయాక మ్యాట్ పక్కన కూర్చుని, “ఒక బంతి కుడికి పోతోంది, ఇంకొకటి ఎడమకు పోతోంది. ఒకే రకంగా ఆడుతున్నాను కదరా, ఎందుకిలా?” అని అడిగారు. “మీరు ఒకే రకంగా ఆడటం లేదు మావయ్యా. పైనుంచి స్వింగ్ మొదలుపెట్టి, బంతి దగ్గరికి వచ్చేసరికి హిట్ చేస్తున్నారు” అన్నాను. ఆ మాటను వివరించడానికి మధ్యాహ్నమంతా పట్టింది. దానిని ఇక్కడ వివరంగా రాసి పెట్టుకోవాలనిపించింది.

ఈ రెండు పద్ధతులను తేటతెల్లంగా వేరు చేసి చూపిన హోమర్ కెల్లీ ఈ సియాటిల్ నగరవాసే. బోయింగ్‌లో పనిచేసిన మనిషి. తొలిసారి ఆడినప్పుడు 116 స్ట్రోకులు (బంతిని కొట్టిన సార్లు; ఎంత తక్కువైతే అంత మేలు) తీసుకున్నాడనీ, ఆరు నెలల తర్వాత 77లో ముగించాడనీ, ఆ మార్పు ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేకపోవడమే ఆయనను పరిశోధన వైపు నడిపించిందనీ చెబుతారు. ఆ కృషి ఫలితంగా 1969లో వెలువడిన ‘ద గోల్ఫింగ్ మెషీన్’ గోల్ఫ్ స్ట్రోకును 24 అంగాలుగా విడదీసి, ఒక్కొక్క అంగం ఎన్ని రకాలుగా ఉండవచ్చో వివరిస్తుంది. చదవడానికి కఠినమైన పుస్తకం అది; ఒక్కో వాక్యం దగ్గర ఆగి, క్లబ్ చేతపట్టుకుని పరీక్షించి చూస్తే తప్ప ముందుకు సాగదు. అయినా అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది, హిట్టింగ్, స్వింగింగ్ అనేవి రెండూ సంపూర్ణమైన, సమానంగా పనికివచ్చే పద్ధతులనీ, ఒకే స్ట్రోకులో ఆ రెండింటినీ కలపకూడదనీ ఆయన చేసిన నిర్ధారణ.

కుడిచేతి వాటం ఆటగాడి విషయంలో చూస్తే, స్వింగింగ్‌లో శక్తికి మూలం శరీర భ్రమణం. తుంటి, నడుము, భుజాలు వరుసగా తిరుగుతూ ఛాతీకి ఆనుకుని ఉన్న ఎడమ చేతిని విసురుతాయి. ఆ చేయి క్లబ్‌ను దాని పిడి వైపు నుంచి, పొడవు వెంట లాగుతుంది. చేతులు వంపు దారిలో కదులుతూ క్లబ్‌ను లోపలికి లాగుతుంటే, క్లబ్ తల ఆ దారి నుంచి బయటికి పోవడానికి ప్రయత్నిస్తుంది; మనం అపకేంద్ర బలం అని పిలుచుకునే ఆ ప్రభావమే మడిచి ఉన్న ఎడమ మణికట్టును తనంతట తానుగా విప్పుతుంది. కుడి చేయి ఇక్కడ తోడుగా మాత్రమే ఉంటుంది. హిట్టింగ్‌లో పరిస్థితి తిరగబడుతుంది. మడిచి ఉన్న కుడి మోచేయి చాచుకుంటూ క్లబ్ కాడను వెనుక నుంచి అడ్డంగా నెడుతుంది. ఎడమ చేయి ఆ తోపును క్రమబద్ధం చేస్తుంది, శరీరం ఆ తోపుకు ఆధారంగా నిలుస్తుంది. స్వింగర్ పిడిని తాడులా లాగుతాడనీ, హిట్టర్ గొడ్డలి పిడిలా తోస్తాడనీ కెల్లీ ఇచ్చిన పోలిక ఈ తేడాను మావయ్యకు వెంటనే తెలియజెప్పింది.

రెండింటిలోనూ కుడి చూపుడు వేలి మొదటి కణుపు దగ్గర, క్లబ్ కాడ వెనుక భాగం వేలిని ఒత్తే చోట, ఒక ఒత్తిడి తెలియాలి. క్లబ్ తల చేతుల కంటే వెనుకబడి ఉందని చెప్పే గుర్తు అది. స్వింగర్‌కు ఆ ఒత్తిడి లాగడం వల్ల పుడుతుంది, హిట్టర్‌కు తోయడం వల్ల పుడుతుంది. బంతి తాకే క్షణం దాటేదాకా అది సడలకూడదు, ఎడమ మణికట్టు వెనక్కి వంగకూడదు. ఈ రెండూ నిలిచినంతవరకూ ఏ పద్ధతి ఎంచుకున్నా ఆట బాగుంటుందని నా నమ్మకం.

స్వింగింగ్ అంటే ఏమిటో చేతికి తెలియజెప్పడానికి ఎర్నెస్ట్ జోన్స్ ప్రయోగం కంటే మంచిది నాకు ఇంతవరకూ దొరకలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి కుడి కాలిని మోకాలి కింద కోల్పోయిన ఈ ఇంగ్లిష్ ప్రొఫెషనల్ గోల్ఫర్, ఆ తర్వాత కూడా చక్కని స్కోర్లు ఆడి, అమెరికాకు వచ్చి పేరు పొందిన గురువయ్యాడు. చేతిరుమాలు కొసకు ఒక చాకును కట్టి ఊపి చూపించేవాడు. మావయ్య జేబురుమాలుకు ఇంటి తాళం చెవుల గుత్తిని కట్టి అదే చేయమన్నాను. రుమాలును లాగుతూ ఊపినంతసేపూ గుత్తి చక్కగా అర్ధవృత్తం గీసింది. కుడి చేత్తో దానిని ముందుకు నెట్టాలని చూసిన మరుక్షణమే రుమాలు ముడుచుకుపోయింది, గుత్తి వెనకబడింది. ఆయన చాలాసేపు దానినే తదేకంగా చూస్తూ నిలబడ్డారు. “బంతి దగ్గర నేను చేస్తున్నది ఇదేనా?” అన్నారు. అదే. ఉక్కు కాడ ముడుచుకోదు కనుక అక్కడ కంటికి కనిపించదు, అంతే తేడా.

కలపడం వల్ల నష్టం ఎందుకు వస్తుందన్నదే ఈ విషయంలో అసలు సంగతి. డౌన్‌స్వింగ్, అంటే క్లబ్ పైనుంచి బంతిదాకా దిగే కదలిక, మొత్తం సుమారు పావు సెకనులో ముగుస్తుంది; బంతి క్లబ్ ముఖాన్ని, అంటే క్లబ్ తలలో బంతిని తాకే భాగాన్ని, అంటిపెట్టుకుని ఉండేది సెకనులో దాదాపు రెండు వేలవ వంతు మాత్రమే. అంత తక్కువ వ్యవధిలో, లాగుడుతో మొదలైన కదలికకు చివర్లో తోపు జతచేస్తే, క్లబ్ తల చేతులను దాటి ముందుకు వస్తుంది, ఎడమ మణికట్టు వెనక్కి వంగిపోతుంది, చూపుడు వేలి మీద ఒత్తిడి మాయమవుతుంది. తోపు ప్రతిసారీ ఒకే క్షణంలో, ఒకే మోతాదులో రాదు కనుక బంతి ఒకసారి కుడికి, మరోసారి ఎడమకు పోతుంది. దీనికి వ్యతిరేక దిశలో కలిపినా చెరుపే. హిట్టర్ తన నడుమును స్వింగర్‌లా వేగంగా తిప్పేస్తే, ఆ విసురుకు చేతులు ముందే బయటికి ఎగిరిపోయి, కుడి మోచేయి తోయవలసిన చోటికి రాకముందే చాచుకుపోతుంది.

క్లబ్ ముఖం కదిలే తీరు కూడా రెండు పద్ధతులలో వేరు. స్వింగర్ క్లబ్ ముఖం బంతి దగ్గర నేరుగా మూసుకుంటూ, అంటే ఎడమకు తిరుగుతూ పోతుంది. హిట్టర్ క్లబ్ ముఖం మూసుకుంటూనే కొంచెం వెనక్కి వాలుతుంది కూడా. అందువల్ల అతని బంతికి కుడివైపు వంగే మొగ్గు ఉంటుంది, దానిని సరిచేయడానికి బంతి ముందు నిలబడేటప్పుడే ముఖాన్ని కాస్త మూసి పెట్టుకోవాలి. క్లబ్ పిడిని పట్టేటప్పుడే పద్ధతి తేల్చుకోవాలని నేను మావయ్యతో గట్టిగా చెప్పింది ఇందుకే. ఒక పద్ధతికి తగినట్టు ముఖాన్ని అమర్చుకుని మరో పద్ధతిలో ఆడితే, స్ట్రోకు ఎంత బాగా సాగినా బంతి గురి తప్పుతుంది.

హిట్టింగ్ అనగానే అది మొరటు పని అనీ, స్వింగ్ ఒక్కటే కళ అనీ చాలామందిలో ఒక భావం ఉంది, మావయ్యలోనూ ఉంది. నేను దానితో ఏకీభవించను. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీల పరంపర అయిన పీజీఏ టూర్‌లో 82 విజయాలు సాధించిన శామ్ స్నీడ్‌ను నేను స్వింగర్లలో మేటిగా భావిస్తాను. ఆర్నాల్డ్ పామర్ ఆట చూస్తే నాకు కనిపించేది మాత్రం బంతిని బలంగా హిట్ చేసే మనిషే. 1960 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో, కొలరాడోలోని చెర్రీ హిల్స్ మైదానంలో, చివరి రౌండుకు ముందు ఏడు స్ట్రోకులు వెనుకబడి ఉన్న పామర్ 346 గజాల మొదటి హోల్‌లో టీ నుంచి, అంటే హోల్ మొదలయ్యే చోటు నుంచి, కొట్టిన బంతిని నేరుగా గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీదికి చేర్చి, ఆ రౌండును 65 స్ట్రోకులలో ముగించి, టైటిల్ గెలిచాడు. ఆ ఆటను మొరటు అని ఎవరూ అనలేరు. స్ట్రోకులో ఏ మేరకు లాగుడు, ఏ మేరకు తోపు ఉంటాయన్నది కొలిచి చూస్తే ప్రతి ఆటగాడిలోనూ రెండూ కొంత కలిసే ఉంటాయని వాదించేవారు ఉన్నారు, ఆ వాదనలో బలమూ ఉంది. అయినా ఆటగాడు క్లబ్ పట్టుకున్నప్పుడు మనసులో పెట్టుకోవలసిన సంకల్పం మాత్రం ఒక్కటిగానే ఉండాలి. ఆ పావు సెకనులో రెండు ఆదేశాలు శరీరానికి అందవు.

రెండో బుట్ట నుంచి మావయ్య చేత పూర్తిగా హిట్టింగ్ మాత్రమే చేయించాను. కుడి ముంజేతితో క్లబ్‌ను వెనక్కి తీసుకెళ్లి, భుజాలు ఎంతవరకు తిరిగితే అంతవరకే ఆపి, పైన ఒక్క క్షణం నిలిచి, కుడి మోచేతిని చాస్తూ బంతి అవతలిదాకా నెట్టమన్నాను. స్వింగర్‌కు కదలిక తెగకూడదు కానీ, హిట్టర్‌కు పైన ఆగడం వల్ల నష్టమేమీ లేదు. బిగుసుకున్న నడుము మీద భారం తగ్గింది. ముంజేతులలోని బలం సరైన చోట పనిచేయసాగింది. బంతులు మునుపటి కంటే తక్కువ ఎత్తులో, దాదాపు ఒకే గీత మీద వెళ్లాయి. దూరం కూడా తగ్గలేదు. కపుల్స్ స్వింగ్‌ను వదులుకోవలసి వచ్చినందుకు ఆయనకు కొంత బాధ కలిగింది, దానిని నేను అర్థం చేసుకోగలను. అంత అందమైన కదలికను మనసులో పెట్టుకుని వచ్చిన మనిషికి, నీ దేహానికి తగింది మరొకటని చెప్పడం నాకూ సులువు కాలేదు. కానీ అరవై దాటిన వారికి, నడుము నొప్పి ఉన్నవారికి, హిట్టింగ్‌ను ముందుగా నేర్పకపోవడం మన గోల్ఫ్ బోధనలో పెద్ద లోపమని నేను నిజంగా భావిస్తున్నాను.

గ్రీన్ దగ్గర ఆడే చిప్, పిచ్ లాంటి చిన్న షాట్లకైతే ఏ వయసువారైనా హిట్టింగ్‌తోనే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కదలిక చిన్నది కావడం వల్ల అక్కడ అపకేంద్ర ప్రభావం బలహీనంగా ఉంటుంది. మణికట్టు దానంతట అది విప్పుకుంటుందని ఎదురుచూడటం కంటే, కుడి ముంజేతి తోపుతో దూరాన్ని కొలుచుకోవడమే నమ్మదగినది. మావయ్య చివర్లో పిచింగ్ వెడ్జ్ అనే చిన్న షాట్ల క్లబ్ తీసుకుని యాభై గజాల జెండా వైపు ఆడిన బంతులు ఈ మాటను రుజువు చేశాయి.

డ్రైవర్, అంటే దూరం కొట్టడానికి వాడే అన్నిటికంటే పొడవైన క్లబ్, విషయం మాత్రం మా ఇద్దరి మధ్య తేలలేదు. కాడ పొడవు పెరిగేకొద్దీ కుడి చేతి తోపును బంతిదాకా నిలపడం కష్టమవుతుంది కనుక, డ్రైవర్‌తోనైనా తనను స్వింగ్ చేయనివ్వమని ఆయన వాదించారు. అది కాదనలేని మాటే. కానీ ఆ క్లబ్‌ను సరిగ్గా స్వింగ్ చేయడానికి కావలసిన భ్రమణం ఆయన నడుములో లేదు. పిడిని అంగుళం కిందికి పట్టుకుని హిట్టింగ్‌తోనే ఆడటం నా సలహా. వచ్చే శనివారం అవే బంతులతో, ఒక బుట్ట నా పద్ధతిలో, ఒక బుట్ట ఆయన పద్ధతిలో ఆడి, బంతులు ఎంత వెడల్పులో చెదిరాయో చూసి నిర్ణయించాలని ఒప్పందానికి వచ్చాము.