తుపాకి జారవిడిచిన అన్న

1968లో న్యూయార్క్‌లోని ఆస్టర్ ప్లేస్ థియేటర్‌లో ఒక చిన్న నాటకం ఆడారు. పేరు ‘ది ఇండియన్ వాంట్స్ ది బ్రాంక్స్’, రాసినవాడు ఇజ్రాయెల్ హోరోవిట్జ్. మన దేశం నుంచి కొత్తగా వచ్చిన గుప్తా అనే మనిషి రాత్రివేళ బస్సు కోసం నిలబడి ఉంటాడు. కొడుకు దగ్గరికి వెళ్ళాలి. ఇంగ్లీషు రాదు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి మొదట అతన్ని ఆటపట్టిస్తారు, ఆ తరువాత హింసిస్తారు. ఆ కుర్రాళ్ళలో ఒకడు అల్ పచినో. గుప్తా వేషం అమెరికన్ నటుడు జాన్ కజాల్‌ది. ఇద్దరికీ న్యూయార్క్ చిన్న థియేటర్ల నాటకాలకిచ్చే ఓబీ అవార్డులు వచ్చాయి. ఇప్పుడైతే ఆ వేషం మనవాడికే ఇవ్వాలని అందరూ అంటారు, నేనూ అదే అంటాను. అయినా ఎదుటివాళ్ళ మాట అర్థంకాని మనిషిగా ఒక నాటకమంతా రంగస్థలం మీద నిలబడాలంటే ఎంత శ్రద్ధగా వినాలో నాకు తెలుసు.

నేను అనంతపురంలో నాటికలు వేస్తాను. పరిషత్తు పోటీలకు వెళ్ళే బృందంలో నాకు ఎక్కువగా దక్కేది చేతకాని అన్న, భయస్తుడైన గుమాస్తా, పెళ్ళాం పుట్టింటి మీద బతికే అల్లుడు లాంటి వేషాలు. వాటిని మనస్ఫూర్తిగా ప్రేమిస్తాను. కజాల్ గురించి రాయాలని ఎన్నాళ్ళ నుంచో ఉంది.

అతను 1935లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని రెవీర్‌లో పుట్టాడు. ఓబర్లిన్ కాలేజీలో, తరువాత బోస్టన్ యూనివర్సిటీలో నటన చదివాడు. న్యూయార్క్ వచ్చాక స్టాండర్డ్ ఆయిల్ కంపెనీలో కాగితాలు చేరవేసే ఉద్యోగం చేశాడు. పచినో పరిచయమైంది అక్కడే. అతనికీ అదే పని. 1971లో ‘లైన్’ అనే మరో హోరోవిట్జ్ నాటకంలో కజాల్‌ను చూసిన ఫ్రెడ్ రూస్ (సినిమాకు నటులను ఎంపిక చేసేవాడు), ‘ది గాడ్‌ఫాదర్’లో ఫ్రెడో వేషానికి అతని పేరు చెప్పాడు.

ఫ్రెడో మాఫియా నాయకుడు డాన్ కార్లియోని రెండో కొడుకు. పళ్ళ దుకాణం దగ్గర తండ్రి మీద కాల్పులు జరిగినప్పుడు కారులోంచి కంగారుగా దిగుతాడు. చేతిలో తుపాకి ఉంది, కానీ అది నిలవదు, జారి కింద పడుతుంది. వచ్చినవాళ్ళు పారిపోతారు. అతను రోడ్డు అంచున కూలబడి పిల్లవాడిలా ఏడుస్తాడు. పట్టుమని నిమిషం కూడా లేని ఆ చిన్న సన్నివేశాన్ని నేను మళ్ళీ మళ్ళీ చూస్తాను. కజాల్ ఆ తుపాకిని నవ్వు పుట్టేలా జారవిడవలేదు, జాలి పుట్టేలానూ జారవిడవలేదు. ఆ చేతులకు అంతకన్నా చేతకాదు, అంతే.

సీమవాళ్ళకు ఇది ఎందుకు గట్టిగా తగలాలో చెబుతాను. మా ప్రాంతం పేరు చెప్పి తీసిన ఫ్యాక్షన్ సినిమాల్లో బలహీనుడైన అన్నకో తమ్ముడికో ఒకటే పని ఉంటుంది. చచ్చిపోవడం, ఆ చావుతో హీరోకి కోపం తెప్పించడం. కక్షలు నడిచే ఇంట్లో పుట్టి, కత్తి పట్టలేక, పట్టలేనని చెప్పనూ లేక బతికే మనిషికి లోపల ఏమవుతుందో ఆ సినిమాలు అడగలేదు. కజాల్ అడిగాడు.

‘ది గాడ్‌ఫాదర్’ రెండో భాగం 1974లో వచ్చింది. అందులో పడవల ఇంట్లో ఒక సన్నివేశం ఉంది. ఫ్రెడో వెనక్కి వాలిన కుర్చీలో పడుకున్నట్టు ఉంటాడు. తమ్ముడు మైకేల్ నిలబడి ఉంటాడు. పెద్దవాణ్ణి నేనుండగా నన్ను దాటి పెత్తనం నీకిచ్చారని ఫ్రెడో కడుపులోది కక్కేస్తాడు. లేవాలని చూస్తాడు, ఆ కుర్చీ లేవనివ్వదు. కోపంలో చేతులు గాల్లోకి లేస్తాయి, నడుము మాత్రం కిందే ఉండిపోతుంది. మా ఊళ్ళలో ఆస్తి పంపకాల పంచాయతీలో మూలన కూర్చున్న పెద్దకొడుకులను చూసినవాళ్ళు ఆ కుర్చీని మరిచిపోలేరు.

మా బృందంలో ఒక కుర్రవాడు మొన్న రిహార్సల్‌లో, “అన్నా, నాకు డైలాగులే లేవు, ఊరికే నిలబడాలా?” అని అడిగాడు. “ఎదుటివాడి డైలాగు నీకు ఎక్కడ తగిలిందో చూపించు, చాలు” అన్నాను. రాత్రి ఫోనులో ఆ కుర్చీ సన్నివేశం పంపాను. మరునాడు వాడు నిలబడిన తీరు మారింది.

‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’ 1975లో వచ్చింది. 1972లో బ్రూక్లిన్‌లో నిజంగా జరిగిన బ్యాంకు దోపిడీ కథ. దొంగల్లో ఒకడైన సాల్ వేషం కజాల్‌ది. అసలు సాల్ పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు, కజాల్‌కు నలభై దగ్గరపడుతున్నాయి. పచినో పట్టుబట్టడంతో దర్శకుడు సిడ్నీ ల్యూమెట్ అతన్ని పిలిచి చూశాడు, చూశాక ఒప్పుకున్నాడు. తప్పించుకుని ఏ దేశం వెళదామని పచినో అడిగితే, సాల్ నిదానంగా ఆలోచించి “వయోమింగ్” అంటాడు. అది అమెరికాలోనే ఒక రాష్ట్రం. స్క్రిప్టులో ఆ మాట లేదు. ప్రేక్షకుడికి నవ్వు వస్తుంది, సాల్ ముఖంలో మాత్రం నవ్వు ఛాయ ఉండదు. అతనికి తెలిసిన దూరం అంతే.

1976లో సెంట్రల్ పార్కులో షేక్‌స్పియర్ నాటకం ‘మెజర్ ఫర్ మెజర్’ వేస్తూ తోటి నటి మెరిల్ స్ట్రీప్‌కు దగ్గరయ్యాడు. ‘ది డీర్ హంటర్’ నాటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. దర్శకుడు మైకేల్ చిమినో అతని సన్నివేశాలన్నీ ముందుగా తీశాడు. 1978 మార్చి 13న, నలభై రెండేళ్ళ వయసులో కజాల్ పోయాడు. చివరి వరకూ స్ట్రీప్ పక్కనే ఉంది. సినిమా అతను చూడలేదు.

బతికి ఉండగా నటించిన పూర్తి నిడివి సినిమాలు ఐదే: రెండు గాడ్‌ఫాదర్లు, ‘ది కాన్వర్సేషన్’, ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’, ‘ది డీర్ హంటర్’. ఐదూ ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయ్యాయి, మూడు గెలిచాయి. అతనికి మాత్రం ఒక్క నామినేషన్ కూడా రాలేదు. నాకు ఇది ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అతని పక్కన నటించినవాళ్ళు ఇంత బాగా కనిపించడంలో అతని వాటా ఉంది. నటన గురించి జాన్ దగ్గర నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదని పచినోనే చెప్పాడు.

చూడనివాళ్ళు ‘డాగ్ డే ఆఫ్టర్‌నూన్’తో మొదలుపెట్టండి. అందరి కళ్ళూ పచినో మీదే ఉంటాయి. రెండోసారి చూసేటప్పుడు తుపాకి పట్టుకుని వెనక నిలబడ్డ సాల్‌నే చూడండి. ఆ తరువాత గాడ్‌ఫాదర్ రెండు భాగాలూ వరుసగా, మధ్యలో ఆపకుండా.